రెండో లేజర్ డయోడ్ కూడా పోయింది, మీటర్ మాత్రం అంతా సవ్యంగానే ఉందంటోంది: లోపం ఎక్కడ?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెక్క మీద అక్షరాలు కాల్చడానికి 450 నానోమీటర్ల నీలి లేజర్‌తో సొంతంగా యంత్రం కట్టుకున్నారు. 12 వోల్టుల అడాప్టర్, ఎల్ఎం2596 చిప్ ఉన్న స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే) మాడ్యూల్, దాని మీద వోల్టేజికి ఒక స్క్రూ, కరెంటుకు ఒక స్క్రూ. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత లేజర్ తల కదిలేటప్పుడు వెలుగు అప్పుడప్పుడు ఆరి మళ్లీ రావడం మొదలైంది. ఆ తర్వాత మసక నీలి వెలుగు తప్ప ఏమీ మిగల్లేదు. కొత్త డయోడ్ వేస్తే అదీ కొద్ది నిమిషాల్లో అలాగే తయారైంది. మాడ్యూల్‌ను విప్పి, అవుట్‌పుట్‌కు మల్టీమీటర్ తగిలించి చూస్తే మీరు పెట్టిన 1 ఆంపియరే చూపిస్తోంది. మాడ్యూల్ మార్చాలా, వద్దా?

సూటిగా జవాబు: రెండు డయోడ్లూ పోయాయి, వాటి మీద ఆశ వదులుకోండి. మాడ్యూల్ మాత్రం బహుశా బాగానే ఉంది. డయోడ్లను చంపింది మీ వైరింగ్. అందులో ఇద్దరు అనుమానితులు ఉన్నారు. ఒకటి, వదులైన కనెక్టర్‌కూ మాడ్యూల్ అవుట్‌పుట్‌లో చార్జి నిల్వ చేసే పెద్ద కెపాసిటర్‌కూ మధ్య జరిగే వ్యవహారం. రెండోది, ఎక్కడో ఒకచోట కలిసిపోయిన నెగటివ్ తీగలు. నా లెక్కలో మొదటి డయోడ్‌ను మొదటిది, రెండో డయోడ్‌ను రెండోది బలి తీసుకున్నాయి. ఎందుకో కింద చెబుతాను. డ్రైవర్‌ను, అంటే డయోడ్‌కు కరెంటు అందించే ఆ మాడ్యూల్‌ను, డమ్మీ లోడ్ (లేజర్ డయోడ్ బదులు తగిలించే ఉత్తుత్తి లోడ్) మీద, యంత్రంలో ఉండగానే పరీక్షించేదాకా మూడో డయోడ్ కవరు విప్పకండి.

ముందుగా, పోయిన డయోడ్ ఎందుకు మసకగా వెలుగుతుందో చూద్దాం. లేజర్ డయోడ్‌కు ఒక గడప కరెంటు ఉంటుంది. మీరు వాడే రకం నీలి డయోడ్లలో అది సుమారు 150 నుంచి 250 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. దానికి కింద అది మామూలు ఎల్ఈడీలాగే వెలుగుతుంది. గడప దాటగానే అసలు లేజర్ మొదలై, అక్కడి నుంచి ప్రతి మిల్లీఆంపియర్‌కూ వెలుగు గబగబా పెరుగుతుంది. కరెంటు ఒక్కసారిగా మితిమీరితే కాంతి బయటికి వచ్చే సూక్ష్మమైన ముఖం కాలిపోతుంది. ఆ ముఖమే లోపల అద్దంలా పనిచేసేది. అద్దం పోయాక మిగిలేది ఖరీదైన ఎల్ఈడీ. ఈ కాలడానికి సెకను అక్కర్లేదు, మైక్రోసెకన్లు చాలు. మీ మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లు రీడింగు తీసుకుని సగటు చూపుతుంది. డయోడ్ చచ్చేది కరెంటు ఒక్క క్షణం ఎగిసే శిఖరం దగ్గర. మీటర్ అబద్ధం చెప్పలేదు, దానికి ఆ సంగతి కనిపించనే లేదు.

డయోడ్ మీద మరణ ధ్రువీకరణ రాసే ముందు లెన్స్ ఒకసారి చూడండి. చెక్క పొగ లెన్స్ మీద గోధుమ రంగు పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. లెన్స్ మురికైతే చుక్క బలహీనపడుతుంది కానీ చుక్కగానే ఉంటుంది. మీరు పెట్టిన ఫొటోలో గోడ మీద కనిపించేది చుక్క కాదు, పరుచుకున్న నీలి మచ్చ. అందుకే పోయిందని తేల్చి చెప్పాను. ఇంకో రకం ఉంది: మొదట బలంగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ తగ్గుతూ, చల్లారాక మళ్లీ మామూలవుతుంది. అది వేడి సమస్య. హీట్‌సింక్, ఫ్యాను, మధ్యలో పూసే పేస్టు చూసుకోవాలి.

ఇప్పుడు మొదటి అనుమానితుడు. మీ మాడ్యూల్ వోల్టేజి స్క్రూ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. చాలామంది కరెంటు స్క్రూ ఒక్కటి సరిచేసి, వోల్టేజిని పూర్తిగా పైకి వదిలేస్తారు. డయోడ్ తగిలించి ఉన్నంతసేపు అవుట్‌పుట్ 4.5, 5 వోల్టుల దగ్గరే ఉంటుంది, ఏ గొడవా లేదు. కనెక్టర్‌లో స్పర్శ తెగిన క్షణం మాడ్యూల్‌కు లోడ్ లేదు, కరెంటు పరిమితికి పని లేదు. అవుట్‌పుట్ కెపాసిటర్ స్క్రూ పెట్టిన చోటిదాకా, అంటే 11 వోల్టులదాకా నిండిపోతుంది. ఈ మాడ్యూళ్లలో సాధారణంగా 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. తల కాస్త కదిలి స్పర్శ మళ్లీ కలిసిందా, కట్ట తెగిన చెరువులా ఆ నిల్వ అంతా డయోడ్‌లోకి దూకుతుంది. అడ్డుగా ఉన్నది తీగల నిరోధమూ డయోడ్ సొంత నిరోధమూ మాత్రమే. రెండూ కలిపి ఒక ఓమ్ అనుకున్నా, ఆరు వోల్టుల తేడాకు ఆరు ఆంపియర్లు. కరెంటు పరిమితి సర్క్యూట్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే కెపాసిటర్ ఉన్నది దాని తర్వాత. ఆరి వెలిగిన ప్రతిసారీ మీ డయోడ్‌కు ఇలాంటి దెబ్బ ఒకటి తగిలింది. చివరి దెబ్బకు అది పోయింది.

రెండో అనుమానితుడు ఇంకా కపటి. ఈ రకం మాడ్యూళ్లలో చాలావాటికి కరెంటు కొలిచే చిన్న నిరోధకం నెగటివ్ వైపు ఉంటుంది, ఇన్‌పుట్ నెగటివ్‌కూ అవుట్‌పుట్ నెగటివ్‌కూ మధ్యన. అంటే ఆ రెండు నెగటివ్‌లు ఒకటి కావు. విలువ ఓమ్‌లో వందో వంతుల్లో ఉంటుంది కాబట్టి మల్టీమీటర్ బజర్ పెడితే రెండూ కలిసే ఉన్నట్టు మోగుతుంది, మనమూ కలిసే ఉన్నాయనుకుంటాం. ఇప్పుడు మీ యంత్రాన్ని చూడండి. లేజర్ తలను నడిపించే కంట్రోలర్ బోర్డు నెగటివ్ అడాప్టర్ నెగటివ్‌కు కలిసి ఉంది. లేజర్ ఆన్, ఆఫ్ సంకేతం కోసం అదే బోర్డు నుంచి ఇంకో నెగటివ్ తీగ లేజర్ తల దగ్గరికి పోయింది. లేదా డయోడ్ లోహపు ఒంటికి నెగటివ్ కలిసి ఉండి, ఆ ఒళ్లు హీట్‌సింక్‌కు, హీట్‌సింక్ ఫ్రేముకు, ఫ్రేము లిమిట్ స్విచ్ ద్వారానో యూఎస్‌బీ కేబుల్ తొడుగు ద్వారానో బోర్డు నెగటివ్‌కు తగులుతోంది. ఏ దారిలోనైనా సరే, డయోడ్ కరెంటులో కొంత భాగం కొలిచే నిరోధకాన్ని తప్పించుకుని అడాప్టర్‌కు తిరిగి వెళ్తుంది. మాడ్యూల్ తన ముందు నుంచి పోయిన కరెంటునే లెక్కపెట్టి, అది 1 ఆంపియర్ అయ్యేదాకా తోస్తూనే ఉంటుంది. సగం పక్క దారిలో పోతే డయోడ్‌కు 2 ఆంపియర్లు అందుతాయి.

మీ రెండో డయోడ్ కొద్ది నిమిషాలు బతికి పోవడం, మాడ్యూల్‌ను విప్పి కొలిస్తే మాత్రం లెక్క సరిపోవడం, ఈ రెండూ దీనికి అచ్చంగా సరిపోతాయి. విప్పినప్పుడు పక్క దారి లేదు కదా. మొదటి డయోడ్ ఇన్నాళ్లు బతికింది, రెండోది నిమిషాల్లో పోయిందంటే, డయోడ్ మార్చేటప్పుడు ఏదో మారి ఉండాలి. కొత్త డయోడ్ ఒంటికి నెగటివ్ కలిసి ఉండొచ్చు, లేదా మధ్యలో ఉన్న ఇన్సులేషన్ వాషర్ తిరిగి వేసి ఉండకపోవచ్చు. పాత, కొత్త డయోడ్ల పిన్నులకూ ఒంటికీ మధ్య బజర్ పెట్టి చూడండి. తయారీని బట్టి కొన్నింటికి ఒళ్లు ఏ పిన్నుకూ తగలదు, కొన్నింటికి ఒక పిన్నుకు తగులుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక యంత్రంలో ల్యాప్‌టాప్‌తో నడిపితే అంతా బాగుండేది, డెస్క్‌టాప్ కంప్యూటర్ యూఎస్‌బీ పెడితే వెలుగు కాస్త ఎక్కువయ్యేది. ఆయన అది సాఫ్ట్‌వేర్ తేడా అనుకుని సంతోషించారు కూడా. ఎర్తింగ్ ద్వారా పక్క దారి ఏర్పడుతోందని తేలేలోపు డయోడ్ పోయింది.

ఇక పరీక్ష. దీనికి కావలసింది డమ్మీ లోడ్. 1ఎన్5408 రకం సిలికాన్ డయోడ్లు ఐదు వరుసగా కలపండి. ఒక్కోటి ఆంపియర్ దగ్గర సుమారు 0.8 వోల్టు తీసుకుంటుంది. వాటితో వరుసలో 1 ఓమ్, 5 వాట్ల నిరోధకం ఒకటి. మొత్తం మీద దాదాపు 5 వోల్టులు, నీలి డయోడ్ తీసుకునేంతే. 1 ఓమ్ కాబట్టి దాని మీద ఎన్ని వోల్టులుంటే అన్ని ఆంపియర్లు. ఆ నిరోధకాన్ని పాజిటివ్ వైపు పెట్టండి. కరెంటు తర్వాత ఏ దారిన పోయినా ముందు దానిలోంచే పోవాలి, అప్పుడే దొంగ దారి బయటపడుతుంది. ఇంకో సంగతి: మీ అసలు డయోడ్ ఒంటికి నెగటివ్ కలిసి ఉంటే, డమ్మీ లోడ్ నెగటివ్ కొస నుంచి కూడా ఒక తీగ హీట్‌సింక్‌కు కలపండి. లేకపోతే డయోడ్‌తోపాటు లోపాన్నీ తీసేసి, ఏమీ లేదని సంబరపడతారు.

ముందు మాడ్యూల్‌ను విడిగా పెట్టి డమ్మీ లోడ్ మీద కరెంటు చూసుకోండి. 1.00 వోల్టు అనుకుందాం. తర్వాత యంత్రంలో బిగించి, అన్ని తీగలూ, యూఎస్‌బీతో సహా, యథాతథంగా తగిలించి, డమ్మీ లోడ్‌ను లేజర్ తల దగ్గర, కేబుల్ చివర పెట్టండి. రీడింగు 1.00 దగ్గరే ఉండాలి. 1.3 వచ్చినా, 1.8 వచ్చినా పక్క దారి ఉన్నట్టే. ఒక్కో తీగ విప్పుతూ పోతే ఏది విప్పినప్పుడు 1.00కు దిగుతుందో అదే నేరస్థుడు. నిర్ధారణ కోసం సరఫరా ఆపి, మాడ్యూల్ దగ్గర అవుట్‌పుట్ నెగటివ్ తీగను విప్పి, ఆ తీగకూ అడాప్టర్ నెగటివ్‌కూ మధ్య బజర్ పెట్టండి. మోగకూడదు.

తర్వాత శిఖరం. ఆసిలోస్కోప్ (వోల్టేజి క్షణక్షణం మారే తీరును తెర మీద గీసి చూపే పరికరం) ఉంటే 1 ఓమ్ నిరోధకం మీద పెట్టి, కేబుల్‌ను చేత్తో అటూఇటూ వంచుతూ, సరఫరా ఆన్, ఆఫ్ చేస్తూ చూడండి. జాగ్రత్త, ఆసిలోస్కోప్ క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది, అది తనే ఒక పక్క దారి కాగలదు. రెండు ప్రోబులతో తేడా తీసుకోవడం మంచిది. ఆసిలోస్కోప్ లేకపోతే చిన్న ఉపాయం ఉంది: 1 ఓమ్ నిరోధకం పాజిటివ్ కొస నుంచి 1ఎన్4148 డయోడ్, దాని అవతలి కొసకూ నిరోధకం రెండో కొసకూ మధ్య 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, దాని మీద మల్టీమీటర్. ఇది వచ్చిన అత్యధిక విలువను కొన్ని సెకన్లపాటు పట్టి ఉంచుతుంది. డయోడ్ వల్ల అర వోల్టు దాకా తక్కువ చూపుతుంది, ఫరవాలేదు, మనకు కావలసింది పోలిక. మామూలుగా 0.5 చూపుతున్నది కేబుల్ కదిలించగానే 2కో 3కో ఎగిరిందంటే మీ మొదటి డయోడ్ ఎలా పోయిందో కళ్లారా చూసినట్టే.

కనెక్టర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కదిలే తలకు పోయే కేబుల్‌లో లోపం ఎక్కడుందో యంత్రమే చెబుతుంది: బల్ల మీద ఒక మూలకు వెళ్లినప్పుడే ఆరుతుంటే, కేబుల్ సాగేది అక్కడే. పిన్ను బయటికి లాగి భూతద్దంలో చూడండి. రాగి తీగను పట్టుకోవాల్సిన రెక్కలు ప్లాస్టిక్ తొడుగును పట్టుకుని ఉండటం నేను తరచూ చూస్తుంటాను. బయటి నుంచి చూస్తే గట్టిగానే ఉంటుంది, లోపల నాలుగు పోగులు ఊరికే ఆనుకుని ఉంటాయి.

మరమ్మతు ఎలా? మాడ్యూల్‌నే ఉంచుకోవాలనుకుంటే ఈ పనులు తప్పవు. వోల్టేజి స్క్రూను డయోడ్‌కు కావలసినదానికంటే కొద్దిగా మాత్రమే పైన, సుమారు 5.3 వోల్టుల దగ్గర పెట్టండి. తీగలు తెగినా కెపాసిటర్ అంతకంటే నిండదు. కంట్రోలర్ నెగటివ్‌ను మాడ్యూల్ ఇన్‌పుట్ నెగటివ్‌కు మాత్రమే కలపండి, అవుట్‌పుట్ వైపు ఎక్కడా వద్దు. లేజర్ తలకూ ఫ్రేముకూ మధ్య నైలాన్ వాషర్లు, నైలాన్ స్క్రూలు వేయండి. లేజర్ తల వైపు కనెక్టర్ తీసేసి, తీగలు నేరుగా డయోడ్ బోర్డుకు సోల్డర్ చేయండి.

నిజం చెప్పాలంటే, నేనైతే ఆ మాడ్యూల్‌ను బ్యాటరీ చార్జింగ్‌కు వాడుకుంటాను, లేజర్‌కు కాదు. దాని కరెంటు పరిమితి నిదానంగా స్పందిస్తుంది. పైగా దాని ఆన్, ఆఫ్ పిన్నుకు కంట్రోలర్ నుంచి వేగంగా సంకేతాలు ఇస్తే ప్రతి ఆన్‌కూ ఎంతో కొంత ఎగిరిపడే అవకాశం ఉంటుంది. చౌకలో మంచిది కావాలంటే ఎల్ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ చిప్‌ను స్థిర కరెంటు పద్ధతిలో వాడండి. అవుట్ పిన్నుకూ అడ్జస్ట్ పిన్నుకూ మధ్య అది 1.25 వోల్టులు నిలబెడుతుంది. అక్కడ 1.2 ఓమ్‌ల నిరోధకం పెడితే 1.04 ఆంపియర్లు. ఆ నిరోధకంలో 1.3 వాట్లు వేడిగా పోతాయి కాబట్టి కనీసం 3 వాట్లది వేయండి. ఇక్కడ కొలత పాజిటివ్ వైపు జరుగుతుంది, కాబట్టి నెగటివ్‌లు ఎక్కడ కలిసినా కరెంటు మారదు. మీ సమస్యల్లో సగం దీంతోనే తీరిపోతుంది.

అడాప్టర్ మాత్రం మార్చాలి. 12 వోల్టులతో అయితే డయోడ్‌కు 4.7, నిరోధకానికి 1.25 పోగా, మిగిలిన 6 వోల్టులూ చిప్ మోయాలి, ఆరు వాట్లకు పైగా వేడి. 9 వోల్టుల అడాప్టర్ అయితే అది మూడు వాట్లకు దిగుతుంది. అంతకంటే తగ్గిద్దామనుకోకండి, ఆంపియర్ దగ్గర చిప్‌కు రెండు వోల్టుల పైచిలుకు మిగలాలి. ఎల్ఎం317 వెనక లోహపు పలక అవుట్ పిన్నుకు కలిసి ఉంటుందని మరవకండి. మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ లేకుండా ఫ్రేముకు బిగిస్తే షార్టే.

కెపాసిటర్ విషయంలో నేను పట్టుబట్టే నియమం ఒకటుంది. కెపాసిటర్ ఏదైనా డయోడ్ పక్కనే, డయోడ్‌కే సోల్డర్ అయి ఉండాలి. దానికీ డయోడ్‌కూ మధ్య కనెక్టర్ గానీ స్విచ్ గానీ ఉండకూడదు. అలా ఉంటే కేబుల్ తెగినప్పుడు అది డయోడ్‌తోపాటు ఖాళీ అవుతుంది, మళ్లీ కలిసినప్పుడు వచ్చే కుదుపును తనలోకి తీసుకుంటుంది. కనెక్టర్‌కు అవతల ఉంటే అదే హంతకుడు. ఒకే భాగం, ఉన్న చోటును బట్టి కాపలాదారు అవుతుంది, లేదా కొంప ముంచుతుంది. నిరంతరం వెలిగే లేజర్‌కు 47 మైక్రోఫారడ్లు బాగుంటుంది. వెలుగును వేగంగా ఆర్పి వెలిగించే పని ఉంటే అంత పెద్దది అంచులను మొద్దుబారుస్తుంది, 0.1 మైక్రోఫారడ్‌తో సరిపెట్టుకుని, సంకేతం తీసుకునే ఇన్‌పుట్ ఉన్న లేజర్ డ్రైవర్‌నే కొనడం మేలు.

కంట్రోలర్ వైపు ఒక చిన్న సంగతి. సరఫరా పెట్టగానే, రీసెట్ కాగానే బోర్డు పిన్నులు కాసేపు ఎటూ కాకుండా తేలుతుంటాయి. ఆ క్షణంలో డ్రైవర్ ఆన్ అయిపోతే లేజర్ ఒక్కసారి మెరుస్తుంది. సంకేతం తీగకూ నెగటివ్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌లు పెట్టండి. సంకేతం వోల్టేజి పెరిగితే ఆన్ అయ్యే డ్రైవర్లకు ఇది, తగ్గితే ఆన్ అయ్యేవాటికి అదే నిరోధకం సంకేతం తీగకూ పాజిటివ్‌కూ మధ్య.

ఆప్‌ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్), మాస్‌ఫెట్ (కరెంటును అదుపు చేసే ట్రాన్సిస్టర్)తో సొంత డ్రైవర్ కట్టేవాళ్లకు ఇంకో బెడద ఉంది: సర్క్యూట్ లోలోపల కంపించడం. మీటర్ స్థిరంగా చూపిస్తుంది, డయోడ్ మాత్రం వెచ్చబడుతూ క్షీణిస్తుంది. పక్కన మీడియం వేవ్ రేడియో పెట్టి ట్యూన్ చేస్తే గీ అని అరుస్తుంది. మాస్‌ఫెట్ గేట్ పిన్ను దగ్గర 100 ఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్‌లో చిన్న కెపాసిటర్ వేస్తే చాలావరకు సద్దుమణుగుతుంది.

అన్నీ అయ్యాక మూడో డయోడ్. ఇక్కడ తొందరపడకండి. సరఫరా ఆపి, పిన్నులు షార్ట్ చేసి ఉంచి, సోల్డర్ చేశాక షార్ట్ తీయండి. చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకోండి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూసి కంగారు పడకండి, నీలి డయోడ్ మొదలవడానికి కావలసినంత వోల్టేజి చాలా మీటర్లు ఇవ్వలేవు, బాగున్నదీ తెగిపోయినట్టే చూపుతుంది. లేజర్ వెలుగుతుండగా మీటర్‌ను కరెంటు మోడ్‌లో మధ్యలో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, ప్రోబు జారితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

కళ్ల సంగతి. అర వాటు దాటిన లేజర్ నాలుగో తరగతి కిందికి వస్తుంది. గోడ మీది చుక్కను దగ్గరి నుంచి తేరిపార చూడటమూ ప్రమాదమే. 450 నానోమీటర్లకు ఆప్టికల్ డెన్సిటీ (వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 5 లేదా అంతకు మించి అని రాసి ఉన్న కళ్లజోడు వాడండి. కిట్‌తో ఉచితంగా వచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్‌ను నమ్మకండి. రెప్ప పడటానికి పట్టే పావు సెకనులో జరగాల్సింది జరిగిపోతుంది.

కళ్లజోడు పెట్టుకుని, కిరణాన్ని మంటకు తట్టుకునే మొరటు ఉపరితలం మీద పడేలా చేసి, పక్కన చిన్న సోలార్ సెల్ పెట్టండి. సెల్ కొసల మధ్య 10 ఓమ్‌లు, వాటి మీద మీటర్. ఎల్ఎం317 దగ్గరి నిరోధకాన్ని మార్చుతూ 50, 100, 150, 200, 250, 300 మిల్లీఆంపియర్ల దగ్గర సెల్ రీడింగు రాసుకోండి. మొదట మెల్లగా పాకుతూ, ఒకచోట ఒక్కసారిగా ఎగబాకాలి. ఆ మలుపే డయోడ్ ఆరోగ్యం. నెలలు గడిచాక అదే అమరికలో మళ్లీ కొలిస్తే, మలుపు ఎక్కువ కరెంటు వైపు జరిగిందంటే డయోడ్ అలసిపోతోంది. మీ పాత డయోడ్లను ఇలా పరీక్షిస్తే మలుపు లేకుండా తిన్నగా పోయే గీత వస్తుంది.

ఇదంతా డయోడ్ లేజర్లకే వర్తిస్తుంది. ఎవరైనా గాజు గొట్టం ఉన్న కార్బన్ డయాక్సైడ్ లేజర్ సరఫరా బాగుచేయడానికి ఇది చదువుతుంటే ఆగండి. అక్కడ ఉండేది వేల వోల్టులు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల చార్జి నిలిచి ఉంటుంది. దాన్ని విప్పి వెతకడం కంటే మొత్తం యూనిట్ మార్చడమే నా సలహా.

డమ్మీ లోడ్ మీద విడిగా వచ్చిన రీడింగు, యంత్రంలో వచ్చిన రీడింగు, కేబుల్ కదిలించినప్పటి శిఖరం, ఈ మూడూ ఇక్కడే రాయండి. వోల్టేజి స్క్రూ ఎక్కడుందో కూడా. వాటిని చూసి ఏ తీగ ముందు విప్పాలో చెబుతాను.